ఇంటికి, షాపుకి సీసీ కెమెరాలు: డీవీఆరా, వైఫైయా, ఒకే కేబుల్‌తో నడిచే పీఓఈనా?

సీసీ కెమెరాలు పెట్టిద్దామని షాపుకు వెళ్తే మొదట వినిపించే ప్రశ్న ఎన్ని మెగాపిక్సెల్ కావాలని. నా లెక్కలో అది చివర తేల్చుకోవాల్సిన సంగతి. కెమెరా కొన్నేళ్లకు మారుతుంది. రికార్డర్ మారుతుంది. హార్డ్ డిస్క్ ఇంకా ముందే మారినా మారుతుంది. గోడలో వేసిన వైరు మాత్రం ఇల్లున్నంత కాలం అక్కడే ఉంటుంది. అందుకే ముందు వైరు సంగతి తేల్చుకోండి. కరెంటు, వీడియో రెండూ ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో వెళ్లే పీఓఈ కెమెరాలు ఎవరికి సరిపోతాయి, ఎవరు అనలాగ్ కెమెరాల రికార్డర్ అయిన డీవీఆర్‌తోనే ఉండిపోవచ్చు, ఎవరికి వైఫై చాలు అన్నది అక్కడి నుంచే మొదలవుతుంది.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది డీవీఆర్ పద్ధతి. ప్రతి కెమెరాకూ 3+1 వైరు (వీడియోకి ఒక కోయాక్సియల్ వైరు, దానితో పాటు మూడు సన్న తీగలు) లాగుతారు. రెండు కొసలా వీడియోకి బీఎన్‌సీ, కరెంటుకి డీసీ పిన్ను బిగిస్తారు. డీవీఆర్ పక్కన కెమెరాలకు కరెంటిచ్చే 12 వోల్టుల ఎస్ఎంపీఎస్ డబ్బా ఒకటి ఉంటుంది. ఎలక్ట్రీషియన్లందరికీ అలవాటైన పని, కెమెరాలు చవక, రిపేరుకి మనుషులు తేలిగ్గా దొరుకుతారు. వైఫై కెమెరాలో వీడియో గాల్లో వెళ్తుంది కానీ కరెంటుకు మాత్రం ప్లగ్ పాయింట్ ఉండాలి. పీఓఈలో క్యాట్6 లాంటి నెట్‌వర్క్ కేబుల్ ఒక్కటే కెమెరా దాకా వెళ్తుంది. దాని రెండో కొస పీఓఈ స్విచ్‌లో (నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే పెట్టె) గానీ, పీఓఈ పోర్టులున్న ఎన్‌వీఆర్‌లో (నెట్‌వర్క్ కెమెరాల రికార్డర్) గానీ గుచ్చితే చాలు. కెమెరా దగ్గర అడాప్టర్ అవసరం లేదు, ప్లగ్ అవసరం లేదు.

స్విచ్ నుంచి వచ్చేది 48 వోల్టుల డీసీ. ప్రమాణం ప్రకారం అది 44 నుంచి 57 వోల్టుల మధ్య ఉండొచ్చు. అంత వోల్టేజీ ఉన్న కేబుల్‌ని పొరపాటున లాప్‌టాప్‌కి గుచ్చితే కాలిపోతుందేమోనని చాలామందికి టెన్షన్. ప్రమాణం పాటించే స్విచ్ ముందుగా అవతలి పరికరాన్ని కొద్దిపాటి వోల్టేజీతో పరీక్షిస్తుంది. అటువైపు సుమారు 25 కిలో ఓమ్‌ల గుర్తింపు రెసిస్టెన్స్ కనిపిస్తేనే పూర్తి కరెంటు వదులుతుంది. లాప్‌టాప్‌లో అది ఉండదు కాబట్టి కరెంటు రాదు. అయితే చవకరకం స్విచ్‌లలో ఈ పరీక్ష ఏదీ చేయకుండా నేరుగా కరెంటు తోసేసేవి ఉంటాయి. వాటిని పాసివ్ పీఓఈ అంటారు. పెట్టె మీద 802.3ఏఎఫ్ అనో 802.3ఏటీ అనో స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. 2003లో వచ్చిన ఏఎఫ్ ప్రమాణంలో పోర్టుకు 15.4 వాట్లు ఇస్తారు, దారిలో నష్టం పోను పరికరానికి 12.95 వాట్లు అందుతాయి. మామూలు డోమ్, బుల్లెట్ కెమెరాలకు అది ఎక్కువే. 2009 నాటి ఏటీ ప్రమాణం 30 వాట్లిస్తుంది. చుట్టూ తిరిగే పీటీజెడ్ కెమెరా పెట్టాలనుకుంటే అది కావాలి.

రాత్రి పూట ఆగిపోయే కెమెరా

డీవీఆర్ కెమెరాలున్న వాళ్లకు బాగా తెలిసిన సమస్య ఒకటుంది. పగలంతా బొమ్మ శుభ్రంగా వస్తుంది. చీకటి పడగానే దూరంగా ఉన్న కెమెరాలో గీతలు, మిణుకులు, తర్వాత 'వీడియో లాస్'. కెమెరా పోయిందని మారుస్తారు, కొత్తదీ అదే పని చేస్తుంది. లోపం చాలాసార్లు వైరులో ఉంటుంది. చీకట్లో చూడటానికి కెమెరాలోని ఐఆర్ లైట్లు వెలిగేసరికి అది లాగే కరెంటు పెరుగుతుంది, సన్నటి వైరులో వోల్టేజీ పడిపోతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకుకు దూరంగా ఉన్న కుళాయికి, ఇంట్లో అన్నీ తిప్పినప్పుడు ధార సన్నబడినట్టు.

ఒక్కసారి లెక్క చూద్దాం. రాత్రి పూట 6 వాట్లు తీసుకునే కెమెరా అనుకోండి. 12 వోల్టుల మీద అది అర ఆంపియర్ లాగుతుంది. రానూపోనూ వైరు రెసిస్టెన్స్ 12 ఓమ్‌లు ఉంటే దారిలోనే 6 వోల్టులు పోతాయి, కెమెరాకి మిగిలేది సగం. అదే 6 వాట్లు 48 వోల్టుల మీద అయితే ఆంపియర్‌లో ఎనిమిదో వంతు సరిపోతుంది. అంతే రెసిస్టెన్స్ ఉన్న వైరులో పోయేది ఒకటిన్నర వోల్టు. వైరు వేడిగా మారి వృథా అయ్యే శక్తి పదహారో వంతుకు పడిపోతుంది. సన్నటి నెట్‌వర్క్ కేబుల్‌లో 100 మీటర్ల దూరం కెమెరాను నడపగలగడానికి కారణం ఇదే. నేను పీఓఈ వైపు మొగ్గడానికి మొదటి కారణం కూడా ఇదే. బొమ్మ నాణ్యత ఆ తర్వాతి మాట.

కానీ ఈ లాభమంతా ఒక్క చోట పోగొట్టుకోవచ్చు. అది కేబుల్ కొనే చోటు. బజారులో క్యాట్6 పేరుతో 305 మీటర్ల పెట్టెలు రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకటి పూర్తి రాగి. రెండోది అల్యూమినియం తీగకు పైన రాగి పూత వేసినది, దాన్ని సీసీఏ అంటారు. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి, ధరలో మాత్రం చాలా తేడా. సీసీఏ తీగ రెసిస్టెన్స్ అంతే మందం ఉన్న రాగి కంటే సగానికి పైగా ఎక్కువ. రెండు మూడుసార్లు వంచితే విరుగుతుంది. జాక్ బిగించి క్రింపింగ్ చేసిన చోట కొన్నాళ్లకు పట్టు వదులుతుంది. క్యాట్5ఈ, క్యాట్6 ప్రమాణాలు రాగి తీగకే వర్తిస్తాయి, కాబట్టి సీసీఏ మీద క్యాట్6 అని ముద్ర వేసినా దానికి అర్థం లేదు. షాపులోనే చాకుతో తీగను గీరి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం. పెట్టె ఎత్తి చూసినా తెలుస్తుంది, రాగి పెట్టె బాగా బరువు. బడ్జెట్ సరిపోకపోతే ఒక కెమెరా తగ్గించుకోండి, కేబుల్ దగ్గర మాత్రం రాజీ పడకండి. పూర్తి రాగి అయితే క్యాట్5ఈ కూడా కెమెరాలకు చాలు.

ఇల్లు కడుతున్న వాళ్లకు

ఇక్కడ నాకు సందేహమే లేదు, పీఓఈకే పైపులు వేయించండి. గోడలు ప్లాస్టరింగ్ కాకముందే, ఎలక్ట్రికల్ పైపులు వేసేటప్పుడే, గేటు దగ్గరికి, పోర్టికోకి, వెనక సందుకి, మెట్ల దగ్గరికి, టెర్రస్ మీద పిట్టగోడకి ఒక్కో పీవీసీ పైపు విడిగా వేయించాలి. అవన్నీ ఒకే చోటికి రావాలి. ఆ చోటు హాల్లో టీవీ వెనకాల కంటే తలుపు వేసుకునే గదిలో అయితే మేలు, ఎందుకంటే దొంగ మొదట వెతికేది రికార్డర్‌నే. కరెంటు వైర్ల పైపులోనే నెట్‌వర్క్ కేబుల్ కూడా దూర్చేస్తామని ఎలక్ట్రీషియన్ అంటే ఒప్పుకోవద్దు. 230 వోల్టుల వైరు ఇన్సులేషన్ ఎక్కడైనా దెబ్బతింటే ప్రమాదం, సిగ్నల్‌కీ ఇబ్బంది.

ఇప్పటికిప్పుడు డబ్బు లేక డీవీఆర్ కెమెరాలే పెట్టించాలనుకున్నా సరే, పైపులో 3+1కి బదులు క్యాట్6 వేయించండి. వీడియో బాలన్ అనే చిన్న ముక్క రెండు కొసలా పెడితే అనలాగ్ కెమెరా కూడా ఆ కేబుల్ మీదే నడుస్తుంది. రేపు పీఓఈకి మారాలనుకున్నప్పుడు గోడ ముట్టుకోనక్కర్లేదు. 3+1 వేసేస్తే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

ఇక ఎన్‌వీఆర్‌లోనే పీఓఈ పోర్టులు ఉన్నది తీసుకోవాలా, విడిగా స్విచ్ పెట్టాలా? నాలుగైదు కెమెరాల ఇంటికి పోర్టులున్న ఎన్‌వీఆర్ హాయి. కేబుల్ గుచ్చగానే కెమెరాను అదే గుర్తించి కలుపుకుంటుంది, ఐపీ అడ్రస్‌ల గొడవ ఉండదు. పైగా కెమెరాలు మీ ఇంటి నెట్‌వర్క్‌కు దూరంగా ఎన్‌వీఆర్ వెనకే ఉండిపోతాయి, భద్రతకు అదీ మంచిదే. కాకపోతే ప్రతి కేబులూ ఎన్‌వీఆర్ దాకా రావాలి. మూడు నాలుగు అంతస్తుల ఇంట్లో అది కుదరకపోతే పై అంతస్తులో ఒక స్విచ్ పెట్టి, అక్కడి కెమెరాలన్నిటినీ దానికి కలిపి, కిందికి ఒకే కేబుల్ దించవచ్చు.

స్విచ్ కొనేటప్పుడు పోర్టుల సంఖ్యతో పాటు మొత్తం వాట్లు చూడాలి. 8 పోర్టులున్నా అన్నీ కలిపి 60 వాట్లే ఇచ్చే స్విచ్‌లున్నాయి. ఒక్కో కెమెరా 7 వాట్లు తీసుకుంటే ఎనిమిదింటికి 56. అంత అంచున నడిపితే ఏదో ఒక రాత్రి ఐఆర్ లైట్లన్నీ వెలిగాక ఒక పోర్టు ఆగిపోతుంది. 96 లేదా 120 వాట్లది తీసుకుంటే ఆ బెంగ ఉండదు.

అపార్ట్‌మెంటుకు, షాపుకు

సెల్లార్, ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో ఎత్తు ఎప్పుడూ సమస్య కాదు, 100 మీటర్ల హద్దు లోపలే అన్నీ వస్తాయి. చిక్కంతా లిఫ్టు దగ్గర. పైకీ కిందికీ కదిలే క్యాబిన్‌లో మామూలు క్యాట్6 వేలాడదీస్తే కొన్ని నెలల్లోనే తీగ తెగుతుంది. లిఫ్టులకే చేసిన ట్రావెలింగ్ కేబుల్ వేయించాలి, లేదా షాఫ్ట్ పైన ఒకటి, క్యాబిన్ మీద ఒకటి చిన్న వైర్‌లెస్ బ్రిడ్జి పెట్టించాలి. ఈ పని లిఫ్టు కంపెనీ మనిషి ఉన్నప్పుడే చేయించండి.

పాత అపార్ట్‌మెంటులో డీవీఆర్, వైర్లు బాగానే ఉండి, అసోసియేషన్ వాళ్లు 'అన్నీ పీకేసి పీఓఈ వేయిద్దాం' అంటుంటే నేను వద్దనే చెబుతాను. మంచి కోయాక్సియల్ వైరు మీద 1080పీ వీడియో 300 మీటర్లు కూడా వెళ్తుంది, ఆ విషయంలో నెట్‌వర్క్ కేబుల్ కంటే అదే మెరుగు. పాత కెమెరాలు తీసేసి అదే వైరు మీద 5 మెగాపిక్సెల్ అనలాగ్ కెమెరాలు, వాటికి తగిన డీవీఆర్ పెడితే తక్కువలో పని అయిపోతుంది. ఇప్పుడొచ్చే డీవీఆర్‌లు చాలావరకు రెండు మూడు ఐపీ (నెట్‌వర్క్) కెమెరాలను కూడా అదనంగా కలుపుకోనిస్తాయి. కాబట్టి గేటు దగ్గర, సెల్లార్ ర్యాంపు దగ్గర మాత్రం కొత్తగా పీఓఈ కెమెరాలు వేసి, మిగతావి ఉన్నట్టే ఉంచొచ్చు. మెయింటెనెన్స్ డబ్బు అందరిది, సరిగ్గా నడుస్తున్న వైరును పీకడానికి ఖర్చుపెట్టడం నాకు నచ్చదు.

షాపులకు, ఫంక్షన్ హాళ్లకు, హాస్పిటళ్లకు ఇంకో లెక్క ఉంది. జనం ఎక్కువగా వచ్చే చోట్ల కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగ్ ఉంచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం చెబుతుంది. అందుకని హార్డ్ డిస్క్ లెక్క ముందే వేసుకోవాలి. 2 మెగాపిక్సెల్ కెమెరా, వీడియోను కుదించే హెచ్265 పద్ధతిలో సెకనుకు 2 మెగాబిట్లు తీసుకుంటే రోజుకు 21.6 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు రోజుకు 86 జీబీ, 30 రోజులకు 2.6 టీబీ. అంటే 1 టీబీ డిస్క్‌లో మీకు మిగిలేది పదకొండు రోజులు. 4 మెగాపిక్సెల్ కెమెరాలకు బిట్‌రేట్ రెట్టింపు పెడితే ఈ అంకెలూ రెట్టింపే. దొంగతనం జరిగిన వారం రోజులకే తెలిస్తే ఫర్వాలేదు, స్టాకు లెక్క చూసిన రోజున తెలిస్తే అప్పటికి ఆ వీడియో మీద కొత్తది ఎక్కేసి ఉంటుంది.

వైఫై ఎక్కడ సరిపోతుంది

అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు, ఇంట్లో పెద్దవాళ్లనో పసిపిల్లనో చూసుకోవడానికి ఒక్క కెమెరా చాలనుకునేవాళ్లకు వైఫై మంచి ఎంపిక. మెమరీ కార్డు వేసి, యాప్ పెట్టుకుంటే పది నిమిషాల పని. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఊళ్లో అమ్మానాన్నల ఇంటిని చూసుకునేవాళ్లు చాలామంది ఇవే పెట్టిస్తున్నారు. కానీ ఇంటి బయటి కాపలాకు నేను వీటిని నమ్మను. మన స్లాబులు, గోడలు సిగ్నల్‌ని తినేస్తాయి. కరెంటు పోతే ప్రతి కెమెరా ప్లగ్గూ ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో చూసుకోవాలి. రికార్డింగ్ కార్డులో ఉంటే కెమెరాతో పాటే దాన్నీ ఎత్తుకుపోతారు. పీఓఈలో ఎన్‌వీఆర్, స్విచ్ రెండింటినీ ఒక్క ఇన్వర్టర్ పాయింట్ మీద పెడితే అన్ని కెమెరాలూ నడుస్తాయి. నాలుగు కెమెరాల సెట్టు మొత్తం 50 వాట్ల దరిదాపుల్లోనే తీసుకుంటుంది. ఇంట్లో 150 ఏహెచ్ బ్యాటరీ బాగా ఉంటే రాత్రంతా కరెంటు లేకపోయినా రికార్డింగ్ ఆగదు.

చేనులో మోటారు, స్టార్టర్ డబ్బా దగ్గర కాపలాకు కేబుల్ మాటే అనవసరం. అక్కడికి సోలార్ ప్యానెల్ ఉన్న 4జీ సిమ్ కెమెరానే. కొనే ముందు ఆ చేలో ఏ సిమ్‌కి సిగ్నల్ బాగుందో ఫోనుతో చూసుకోండి.

కోళ్ల ఫారాలు, రైస్ మిల్లులు, గోడౌన్ల విషయం వేరు. ఒక షెడ్డే వంద మీటర్లు దాటుతుంది. చాలా పీఓఈ స్విచ్‌లలో ఎక్స్‌టెండ్ అనే చిన్న మీట ఉంటుంది, వేస్తే 250 మీటర్ల దాకా పంపుతుంది కానీ వేగం 10 మెగాబిట్లకు పడిపోతుంది. ఒక కెమెరాకు అది సరిపోతుంది. దాన్ని అత్యవసరానికి ఉంచుకోండి, ముందుగా వేసే ప్లానులో దాని మీద ఆధారపడొద్దు. షెడ్డుకూ షెడ్డుకూ మధ్య ఆరుబయట రాగి కేబుల్ లాగడం నేను అసలు చెప్పను. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారాలతో వచ్చే పిడుగులు దగ్గర్లో ఎక్కడ పడినా ఆ కేబుల్ మీదుగా స్విచ్, ఎన్‌వీఆర్, కెమెరాలు వరసగా పోతాయి. భవనాల మధ్య ఆప్టికల్ ఫైబర్ వేసి, ప్రతి షెడ్డులో ఒక స్విచ్ పెట్టండి. ఫైబర్‌లో లోహపు తీగ లేని రకం తీసుకుంటే కరెంటు దానిలో ప్రయాణించదు. స్తంభం మీద కెమెరా తప్పనిసరి అయితే స్విచ్ వైపు సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, దానికి సరైన ఎర్తింగ్ ఇవ్వాలి. ఎర్తింగ్ లేని సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నా లేనట్టే.

ఇప్పుడు మెగాపిక్సెల్

వైరు తేలింది కాబట్టి ఇప్పుడు దీనికి వద్దాం. తెరలో కనిపించిన వ్యక్తి ఎవరో నిర్ధారణగా చెప్పాలంటే అడ్డంగా మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు పడాలన్నది సీసీ కెమెరాల ప్రమాణాల్లో వాడే లెక్క. 2 మెగాపిక్సెల్ బొమ్మ అడ్డంగా 1920 పిక్సెళ్లు, అంటే ఏడున్నర మీటర్ల వెడల్పు దాటితే ముఖం చెదిరిపోతుంది. షాపుల్లో ఎక్కువగా అంటగట్టే 2.8 మిల్లీమీటర్ల లెన్సు చాలా వెడల్పుగా చూస్తుంది కాబట్టి మూడు మీటర్లు దాటిన మనిషి ముఖం అందులో అంత స్పష్టంగా రాదు. అదే 2 మెగాపిక్సెల్‌కి 6 మిల్లీమీటర్ల లెన్సు పెడితే ఏడెనిమిది మీటర్ల దాకా వస్తుంది, కాకపోతే పక్కలు కనిపించవు. కాబట్టి గేటుకు ఒకటి వెడల్పు లెన్సు, ఒకటి 4 లేదా 6 మిల్లీమీటర్లది పెట్టుకోవడం 8 మెగాపిక్సెల్ కెమెరా ఒక్కటి పెట్టడం కంటే ఎక్కువ పనికొస్తుంది. ఎత్తు కూడా చూడండి. పదిహేను అడుగుల పైన బిగించిన కెమెరాకు టోపీలు, నడినెత్తులు తప్ప ముఖాలు అందవు.

బ్రాండ్ల మాటకొస్తే, 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ పెట్టిన సైబర్ భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. ఆ పరీక్షల్లో నెగ్గినట్టు చూపే ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ ఉన్న మోడలేనా అని అడిగి, బిల్లు మీద మోడల్ నంబరు రాయించుకోండి. పాత స్టాకు చవకగా ఇస్తామంటే తొందరపడొద్దు. రికార్డర్ ఒక బ్రాండు, కెమెరా ఇంకో బ్రాండు కలపాలంటే రెండిటిలోనూ ఆన్‌విఫ్ (వేర్వేరు బ్రాండ్లను కలిపే ఉమ్మడి ప్రమాణం) ఉండాలి. కలుస్తాయి, కానీ మనిషిని గుర్తించి అలర్ట్ పంపే సదుపాయాలు అప్పుడు పూర్తిగా పనిచేయకపోవచ్చు.

పాస్‌వర్డ్ గురించి గట్టిగా చెప్పాలి. 2016లో మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రామ్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని ఐపీ కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల్లో ఆక్రమించింది. ఆ అక్టోబరులో వాటితోనే వెబ్‌సైట్ల చిరునామాలు చూసే డైన్ అనే అమెరికా కంపెనీ మీద దాడి చేస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి ఆగిపోయాయి. అంతకంటే మనకు దగ్గరి భయం, మన హాలు, మన వరండా ఎవడో ముక్కూమొహం తెలియనివాడు చూడటం. కెమెరాలు బిగించిన వాళ్లు ఊళ్లో అన్ని ఇళ్లకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి వెళ్లడం మామూలు. వాళ్లు వెళ్లగానే మార్చేయండి, పడకగదుల్లో కెమెరాలు పెట్టకండి.

డబ్బు ఇచ్చే ముందు

చివరి వాయిదా డబ్బు పగలు ఇవ్వకండి, చీకటి పడ్డాక ఇవ్వండి. ఐఆర్ లైట్లన్నీ వెలిగాక ఒక గంట చూడండి, ఏ కెమెరా అయినా ఆగి మళ్లీ మొదలైతే కేబుల్ గానీ, స్విచ్ వాట్లు గానీ తేడా ఉన్నట్టే. మెయిన్ ఆపి ఇన్వర్టర్ మీద అన్నీ నడుస్తున్నాయా చూడండి. బయటి కెమెరాల దగ్గర కేబుల్ జాయింటు గాలికి వేలాడుతోందా, జంక్షన్ బాక్స్‌లో ఉందా అన్నది నిచ్చెన వేసి మరీ చూడాల్సిందే. పీఓఈలో ఆ ఆర్‌జే45 జాక్‌లోకి చుక్క నీరు చేరినా కరెంటు కూడా తోడై పిన్నులు తుప్పుపట్టి పచ్చబడతాయి, తొలి వానాకాలమే కెమెరా పోతుంది. కేబుల్ బాక్స్‌లోకి పోయే ముందు కిందికి ఒక వంపు ఇవ్వమనండి, నీరు అక్కడే జారిపోతుంది. ఏ పోర్టు ఏ కెమెరాదో రెండు కొసలా చీటీ అంటించమని అడగండి, గోడల్లో పైపులు ఎటు వెళ్లాయో ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి. మిగిలిన కేబుల్ ముక్క ఒక పది మీటర్లు, నాలుగు జాక్‌లు మీ దగ్గరే ఉంచేసుకుంటే రేపు రిపేరుకు వచ్చినవాడు సీసీఏ ముక్కతో అతుకు వేయడు.